రంగుల పొయ్యి బ్లోయరు మోటారు చెడినపుడు చేయవలసిన పని

పడుగు పోగు తెగినచో ముడి వేసికొనుట మన పిల్లలకు సైతము తెలియును. నాడె గరుకెక్కినచో నునుపు చేసికొనుటయు, అచ్చు వంగినచో సరిదిద్దుకొనుటయు మన ఇండ్లలో ఒకరు చెప్పకయే వచ్చు విద్యలు. కాని రంగుల పొయ్యి క్రింద గాలి కొట్టు చిన్న మోటారు ఆగిపోయినంతనే మనకు కాలుసేతులాడవు. వెంటనే దానిని సంకనిడుకొని దుకాణమునకు పరుగెత్తుదుము. దుకాణదారు ఇచ్చినది తెచ్చి బిగించుదుము. పది దినములకు అదియు కాలిపోవును.

ఇది ఇతరులను చూచి వ్రాయుచున్న మాట కాదు. మా ఇంటనే జరిగినది. నాలుగు చీరల పట్టు ముదురు ఎరుపు రంగులో సగము ఉడికియుండగా బ్లోయరు ఆగినది. ఇంటిలోని మగవారమందరము మోటారు చుట్టు మూగితిమి. చిలపలు కర్రలమీద వ్రేలాడుచు గంగాళములోనే ఉండిపోయినవి. అరగంట తరువాత చూడగా రంగునీటిలో మునిగిన భాగము ఒక ఛాయగాను, పైనున్న భాగము మరియొక ఛాయగాను కనబడినది. ఎంత తిప్పినను ఆ చార పోలేదు. కడకు ఆ పట్టు అంతయు నలుపు చేయవలసి వచ్చినది. ఎరుపు చీరలు కోరిన వర్తకునికి మరల పట్టు తెచ్చి ఇచ్చుకొంటిమి. మోటారు ధరకంటె పట్టు ధర అనేక రెట్లు ఎక్కువ. ఆ నష్టముతో మేము నేర్చుకొన్న సంగతులను ఇక్కడ వరుసగా తెలుపుచున్నాము. గ్యాసు పొయ్యికి మారిన వారికి దీనితో పని లేదు. బొగ్గుతోగాని కట్టెతోగాని పెరటిలో రంగు వేసికొనుచున్న కుటుంబములకు మాత్రము ఇది ఉపయోగపడునని తలంచుచున్నాము.

గాలికిని వేడికిని గల సంబంధము

పచ్చి పట్టుదారములో నూటికి 20 మొదలు 25 పాళ్ళు బంకయే. దానిని తీయుటకు సబ్బునీటిలో 90 నుండి 95 డిగ్రీల వేడిమిలో గంటగాని, గంటన్నరగాని ఉంచవలెను. అంతకంటె ఎక్కువై నీరు తెర్లినచో దారము ఒరసికొని నూగు లేచును. వేడి తగ్గినచో బంక సరిగా పోదు. బంక ఉన్నచోట రంగు ఒక విధముగాను, పోయినచోట మరియొక విధముగాను పట్టును.

పట్టునకు వాడు ఆమ్లపు రంగులకు గోరువెచ్చని నీటితో మొదలుపెట్టి, మెల్లమెల్లగా 85, 90 డిగ్రీల వరకు వేడి పెంచవలెను. ఈ పెరుగుదల సమముగా ఉండవలెను. నడుమ తగ్గి, మరల ఒక్కసారిగా పెరిగినచో రంగు చారలు కట్టును. కావున మన పొయ్యికి కావలసినది మంట ఒక్కటియే కాదు, చెప్పినట్లు వినెడి మంట. బొగ్గు ఎంత ఉన్నను, క్రింద కమ్ముల సందులనుండి గాలి ఎంత వచ్చునో అంతయే మండును. ఆ గాలిని కొలిచి ఇచ్చునది బ్లోయరు. పూర్వము కమ్మరి కొలిమితిత్తి చేసిన పనినే ఇప్పుడు ఈ మోటారు చేయుచున్నది.

ముందుగా చేయవలసినది మోటారు పని కాదు

బ్లోయరు ఆగినపుడు మొదట చూడవలసినవి చిలపలు. ఒకరు గంగాళమువద్దనే నిలిచి, చిలపలను ఎడతెగక తిప్పుచుండవలెను. నీరు చల్లారుచున్నను తిప్పుట మానరాదు. లేదా అన్ని కర్రలను ఒక్కసారిగా పైకెత్తి వేరొక పాత్రలో పెట్టవలెను. సగము మునిగి, సగము తేలి ఉండనీయరాదు. మా పట్టు చెడినది మోటారువలన కాదు, ఈ ఒక్క తప్పువలననే.

రెండవది, బ్లోయరునుండి పొయ్యికి పోవు గొట్టములోని రేకు తలుపును మూయవలెను. రేకు తలుపు లేనివారు గొట్టమును బ్లోయరునుండి ఊడదీసి ప్రక్కకు తొలగించవలెను. ఇది ఎందులకో ముందు వివరింతుము.

మూడవది, ఎండు కట్టె రెండు చీలికలు పొయ్యిలో పెట్టి, విసనకర్రతోగాని చేతితో త్రిప్పు బ్లోయరుతోగాని ఆ రంగును ముగించుకొనవలెను. కమ్మరివారు వాడు చేతి బ్లోయరు ఒకటి ఇంట ఉన్నచో ఇటువంటి సమయములో అదియే ఆదుకొనును.

చెడినది మోటారేనా?

మోటారు తిరుగకపోయినంతమాత్రమున అది కాలిపోయినదని అనుకొనరాదు. క్రింది వరుసలో చూచుకొనవలెను.

ముందుగా ప్లగ్గు ఊడదీసి, అదే సాకెట్టులో ఒక దీపము పెట్టి చూడవలెను. దీపము వెలుగకున్నచో దోషము ఫ్యూజులోనో, తీగలోనో ఉన్నది. దీపము వెలిగినచో బ్లోయరు ప్లగ్గు విప్పి చూడవలెను. ఆవిరి తగులు చోట స్క్రూలు చిలుమెక్కి, తీగ కొస నల్లబడియుండుట సాధారణము. కొస కత్తిరించి, క్రొత్త కొస బిగించినచో అనేక మోటారులు మరల తిరుగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. స్విచ్చి కట్టినాము కదా అని తీగ పట్టుకొనరాదు. కొన్ని ఇండ్లలో స్విచ్చిని న్యూట్రలు తీగలో కలిపియుందురు. అప్పుడు స్విచ్చి కట్టినను మోటారులో కరెంటు ఉండును. టెస్టరులో వెలుగు రాలేదని నమ్ముటయు మంచిది కాదు. ప్లగ్గు ఊడదీసి, కంటికి ఎదురుగా నేలమీద పెట్టుకొన్న తరువాతనే చేయి పెట్టవలెను. రంగుల ఇంట నేల ఎల్లప్పుడు తడిగనే ఉండును. మన కాళ్ళును తడిగనే ఉండును.

తీగ బాగుగా ఉన్నచో, ప్లగ్గు ఊడదీసియే రెక్కల చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. బిగుసుకొనియున్నచోగాని, గరగరమని శబ్దము వచ్చినచోగాని బేరింగు పోయినదన్న మాట, లేదా చక్రము డొప్పకు ఒరయుచున్నదన్న మాట. బేరింగు మార్చుట చిన్న పని. దానిమీద సంఖ్య చెక్కియుండును. 6201 అనగా లోపలి రంధ్రము 12 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 32, మందము 10. 6202 అనగా 15, 35, 11. ఏ కంపెనీదైనను ఈ కొలతలు మారవు. మన పనికి రెండు వైపుల మూత గలది కొనవలెను. మూత లేనిదానిలోనికి బూడిదయు, నూగును దూరి త్వరలో అరుగును.

చక్రము తేలికగా తిరుగుచున్నది, కరెంటు పెట్టగా గుయ్యిమని మూలుగుచున్నది, కాని కదలుట లేదు అన్నచో, దోషము తరచుగా కండెన్సరుది. ఇటువంటి మోటారును చిన్న పుల్లతో నెట్టినచో ఆ దిక్కుగా తిరుగ నారంభించును. వ్రేలితో ఎన్నడును నెట్టరాదు. అట్లు మూలుగుచున్నపుడు ఎక్కువసేపు కరెంటు ఉంచినచో వైండింగు నిజముగనే కాలిపోవును. కండెన్సరు మార్చునపుడు పాతదానిమీద ఎన్ని మైక్రోఫారడ్లు వ్రాసియుండునో అన్నియే ఉన్నది తేవలెను. వోల్టులు పాతదానికంటె తక్కువ కారాదు. కండెన్సరులో ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ కరెంటు నిలిచియుండవచ్చును. పాతకాలపు తంతి బల్బు హోల్డరునకు రెండు తీగలు కట్టి, వాటి కొసలను కండెన్సరు రెండు కొసలకు తాకించిన తరువాతనే దానిని విప్పవలెను.

కొన్ని చిన్న బ్లోయరులలో కార్బన్ బ్రష్షులుండు మోటారు ఉండును. అది పెద్ద రొదతో తిరుగును. అది ఆగినచో బ్రష్షులు అరిగినవేమో చూడవలెను. ఒకటి అరిగినను రెండింటిని కలిపియే మార్చవలెను.

ఇవేవియు కాక, మోటారు నుండి కాలిన లక్క వాసన వచ్చుచు, లోపలి తీగ చుట్టలు నల్లబడియున్నచో, లేదా ప్లగ్గు పెట్టగానే ఫ్యూజు పోవుచున్నచో అప్పుడు మోటారు కాలినదని తీర్మానింపవచ్చును.

పలక చదువుట, కొలతలు తీయుట

క్రొత్త మోటారునకు పోవునపుడు పాతదానిని చేత పట్టుకొని పోవుటయే చాలునని మనవారనుకొందురు. పాతది చూపినంతనే దుకాణదారు ఎత్తు, లావు చూచి ఒకటి తీసి ఇచ్చును. లోపలి గుణము పైకి కనబడదు. కావున మోటారుమీది పలకను గుడ్డతో తుడిచి, అందులోని అంకెలను కాగితముమీద వ్రాసికొనవలెను. వోల్టులు, సైకిళ్ళు, హార్స్‌పవరుగాని వాట్లుగాని, ఆంపియర్లు, నిమిషమునకు చుట్లు అను అయిదును ముఖ్యము. మన దేశములో ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 సైకిళ్ళు. ఒక హార్స్‌పవరనగా 746 వాట్లు. కావున ఎనిమిదవ వంతు హార్స్‌పవరు మోటారనగా సుమారు 93 వాట్ల పని చేయునది. పలకమీద ఒకచోట వాట్లును, మరియొకచోట హార్స్‌పవరును ఉన్నచో ఈ లెక్కతో పోల్చుకొనవచ్చును.

తరువాత కొలతలు. షాఫ్టు లావు, డొప్పలోనికి చొచ్చుకొనియుండు దాని పొడవు, మోటారు పాదమునుండి షాఫ్టు నడిబొడ్డువరకు ఎత్తు, బోల్టు రంధ్రముల నడుమ దూరము వ్రాసికొనవలెను. షాఫ్టుమీద ఒక ప్రక్క చదును చేసియున్నదో, తాళము గాడి ఉన్నదో గుర్తింపవలెను. కడపటిది మిక్కిలి ముఖ్యమైనది: మోటారు ఏ దిక్కునకు తిరుగునో వ్రాసికొనవలెను. దిక్కు వ్రాయునపుడు షాఫ్టు వైపునుండి చూచితిమా, వెనుకనుండి చూచితిమా అనునది కూడ వ్రాయవలెను. లేనిచో కుడి ఎడమ అగును.

వేగము విషయములో మేము చేసిన పొరపాటు

మా పాత మోటారు పలకమీద 1400 చుట్లు అని ఉన్నది. మేము పలక చదువలేదు. దుకాణములో ఒకరు అదే ఎత్తు, అదే హార్స్‌పవరు గల మోటారు చూపి, “ఇది రెట్టింపు వేగముది, గాలి ఇంకను బాగుగా కొట్టును” అనిరి. మేమును సంతోషించితిమి. అది 2800 చుట్ల మోటారు. బిగించిన దినమున మంట చూచి ఇంటిల్లిపాదియు మెచ్చుకొంటిమి. తొమ్మిదవ దినమున పొగ వచ్చినది.

దీని కారణము తెలిసికొనుట మంచిది. రెక్కల చక్రము వేగము రెట్టింపైనచో గాలి రెట్టింపగును. గాలి ఒత్తిడి నాలుగు రెట్లగును. కాని ఆ చక్రమును త్రిప్పుటకు కావలసిన బలము ఎనిమిది రెట్లగును. ఒక బస్తా మోయువానిమీద ఎనిమిది బస్తాలు వేసినట్లన్న మాట. మోటారు తన శక్తికి మించిన కరెంటు లాగికొని, వైండింగు వేడెక్కి కాలిపోయినది. దుకాణదారు అబద్ధము చెప్పలేదు. గాలి నిజముగనే ఎక్కువ వచ్చినది. అడుగవలసిన ప్రశ్న మేము అడుగలేదు.

కావున చుట్లు తప్పక సరిపోవలెను. హార్స్‌పవరు పాతదానికి సమానముగాగాని, కొంచెము ఎక్కువగాగాని ఉండవచ్చును. తక్కువ మాత్రము ఉండరాదు. పలక చెరిగిపోయినచో మోటారు కట్టు పనివానికి లోపలి చుట్టలను చూపినయెడల ఎన్ని చుట్ల మోటారో చెప్పగలడు.

పాత మోటారు విప్పుట

నిప్పు పూర్తిగా ఆరనిచ్చిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. త్వరపడి ఎర్రని బొగ్గుమీద నీరు పోయరాదు. ఒక్కసారిగా లేచు ఆవిరి, బూడిద ముఖమును కాల్చును. పొయ్యి ఇటుకలు కూడ పగులును.

ప్లగ్గు ఊడదీసి, తీగలు ఏవి ఎక్కడ బిగించియున్నవో బొమ్మ గీసికొనవలెను. పాత తీగలలో ఎరుపు కరెంటుది, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. ఇప్పుడు వచ్చుచున్న అనేక తీగలలో గోధుమరంగు కరెంటుది, నీలము న్యూట్రలు, పసుపు చారల ఆకుపచ్చ ఎర్తు. ఇంటి తీగ ఒక విధము, మోటారు తీగ మరియొక విధము ఉండవచ్చును కావున రంగుకు రంగు కలిపితిమని తృప్తి పడరాదు.

డొప్ప స్క్రూలు విప్పి, లోపలి చక్రమును చూడవలెను. దాని నడిబొడ్డులో చిన్న తల లేని స్క్రూ ఒకటి షాఫ్టును పట్టుకొనియుండును. అది చిలుమెక్కియున్నచో రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, ఒక పూట ఆగవలెను. తొందరపడి స్క్రూ గాడి చెడగొట్టుకొన్నచో తరువాత బరమా వేయవలసి వచ్చును. స్క్రూ వదులైన తరువాత చక్రమును రెండు ప్రక్కల సమముగా పట్టుకొని తిన్నగా లాగవలెను. సుత్తితో కొట్టరాదు. ఒక్క రెక్క వంగినను చక్రము తూకము తప్పి, తిరుగునపుడు అదరును. ఆ అదురుతో క్రొత్త బేరింగు కొద్ది నెలలలోనే అరుగును.

చక్రము చేతికి వచ్చినపుడే దానిని శుభ్రము చేయవలెను. మన ఇండ్లలో నూగు, బూడిద, ఆవిరి కలిసి రెక్కల లోపల గట్టిగా పేరుకొనును. కొబ్బరి పీచుతో రుద్ది కడిగి, ఎండబెట్టవలెను. మా చక్రమునుండి పిడికెడు మట్టి వచ్చినది.

క్రొత్తది బిగించుట

మోటారును చోటున పెట్టి, నాలుగు బోల్టులను ముందు వదులుగా ఎక్కించవలెను. చక్రమును షాఫ్టుమీదికి తోసి, స్క్రూ సరిగా చదును భాగముమీద కూర్చుండునట్లు త్రిప్పి బిగించవలెను. గుండ్రని భాగముమీద బిగించినచో కొన్ని దినములకు జారును. తరువాత చేతితో ఒక పూర్తి చుట్టు త్రిప్పి, డొప్పకును చక్రమునకును నడుమ సందు అన్ని వైపుల సమముగా ఉన్నదో లేదో చూడవలెను. అప్పుడు బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగించవలెను. ఒక మూలది ముందే పూర్తిగా బిగించినచో మోటారు ఒరిగిపోవును.

ఎర్తు తీగను తప్పక మోటారు ఒంటికి బిగించవలెను. రెండు కాళ్ళ ప్లగ్గుతో రంగుల ఇంట బ్లోయరు నడుపుట ప్రాణముతో చెలగాటము. ఎర్తు తీగ గట్టిగా ఉండుటయే గాక, 30 మిల్లీ ఆంపియర్ల లీకు బ్రేకరు కూడ పెట్టించుకొన్నచో మరింత రక్షణ.

ఇక దిక్కు. డొప్ప నత్తగుల్లవలె ఉండును. ఒకచోట ఇరుకుగా మొదలై, నోటివైపు పోనుపోను వెడల్పగును. చక్రము ఇరుకునుండి వెడల్పువైపు తిరుగవలెను. ఇక్కడనే అనేకులు మోసపోదురు. చక్రము తలక్రిందుగా తిరిగినను గాలి గొట్టముగుండనే ముందుకు వచ్చును, వెనుకకు పోదు. కాని బలము చాలదు. చేయి పెట్టి చూచి, “గాలి వచ్చుచున్నది” అని తృప్తి పడి, మంట చాలలేదని మోటారును నిందించుట కలదు. కావున చేతితో కాదు, కంటితో చక్రమును చూచియే దిక్కు నిర్ణయింపవలెను. దిక్కు తప్పినచో కండెన్సరు మోటారులలో స్టార్టింగు వైండింగు రెండు కొసలను తారుమారు చేయుటచే సరిచేయవచ్చును. ఇది మోటారు కట్టు పనివానిచే చేయించుట మంచిది.

మొదటిసారి నడుపునపుడు గొట్టము తగిలించి, రేకు తలుపు సగము తెరచి నడుపవలెను. తలుపు మూసినచో మోటారుకు బరువెక్కువగునని మనకు తోచును. ఈ విధమైన బ్లోయరులో సంగతి తలక్రిందులు. తలుపు మూసినపుడు చక్రము త్రోయు గాలి తక్కువ కనుక మోటారుకు బరువు తక్కువ. గొట్టము లేక బార్లా తెరచినపుడే బరువు ఎక్కువ. పనివానివద్ద టాంగ్ టెస్టరు ఉన్నచో, తలుపు పూర్తిగా తెరచినపుడు కరెంటు ఎన్ని ఆంపియర్లు పోవుచున్నదో చూపించుకొని, పలకమీది అంకెకు లోబడియున్నదో లేదో తెలిసికొనవలెను. మా రెండవ మోటారుకు ఈ ఒక్క పరీక్ష చేయించియున్నచో మొదటి దినముననే తప్పు బయటపడియుండెడిది.

అసలు కారణము

రెండవ మోటారు వేగమువలన పోయినది. మరి ఏండ్ల తరబడి నడచిన మొదటి మోటారు ఎందులకు పోయినది? ఇది తెలిసికొననిచో మూడవదియు పోవునని ఆలోచించి చూచితిమి.

రంగు ముగిసిన వెంటనే మేము బ్లోయరు స్విచ్చి కట్టి, భోజనమునకు పోవుట అలవాటు. బొగ్గు ఇంకను ఎర్రగనే ఉండును. బ్లోయరు తిరుగుచున్నంతసేపు చల్లని గాలి గొట్టమును చల్లబరచును. అది ఆగగానే పొయ్యిలోని వేడి గొట్టముగుండ వెనుకకు పాకి, చక్రమును, షాఫ్టును, మోటారును వేడెక్కించును. పని చేయునపుడు కాదు, పని ముగిసిన తరువాతనే మోటారు కాలుచున్నదన్న మాట. తీగమీది లక్క పూత పడవలసిన వేడికంటె 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో నిత్యము ఉన్నచో దాని ఆయుష్షు సుమారు సగమగునని మోటారు శాస్త్రజ్ఞుల లెక్క. బేరింగులోని గ్రీజు కూడ కరగి కారిపోవును.

మా గొట్టము అడుగున్నర మాత్రమే ఉండెడిది. ఇప్పుడు దానిని నాలుగు అడుగులు చేసితిమి. నడుమ జారు రేకు తలుపు పెట్టించితిమి. పొయ్యి చాలించునపుడు మొదట తలుపు మూసి, తరువాత స్విచ్చి కట్టుచున్నాము. మోటారును నేలమీదినుండి ఎత్తి ఇటుక దిమ్మెమీద, గంగాళపు ఆవిరియు, చిందు నీరును తగులని వైపు పెట్టితిమి. గాలి లోనికి పోవు నోటికి సన్న తీగ జల్లెడ కట్టి, వారమున కొకసారి దానిమీది నూగును బ్రష్షుతో తీయుచున్నాము.

కరెంటు పోయినపుడు కూడ ఇదే విధి. బ్లోయరు ఆగిన వెంటనే తలుపు మూసి, స్విచ్చి కట్టవలెను. దీనికి మరియొక కారణము కూడ కలదు. పైన క్రొత్త బొగ్గు వేసియుండగా గాలి ఆగినచో, మండని వాయువు క్రిందికి దిగి గొట్టములో నిండవచ్చును. కరెంటు వచ్చి బ్లోయరు తానే తిరిగినపుడు ఆ వాయువు ఒక్కసారిగా భగ్గుమనవచ్చును. పూర్వము కమ్మరి కొలిమితిత్తులు పగులుటకు ఇదియు ఒక కారణము. కావున మరల మొదలుపెట్టునపుడు ముఖము దూరముగా ఉంచి, తలుపు మూసియే స్విచ్చి వేసి, తరువాత కొంచెము కొంచెముగా తెరువవలెను.

విషవాయువు

మోటారు చెడినపుడు మనవారు చేయు మరియొక పని గురించి ఆడవారికిని, పెద్దలకును ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. పెరటిలో వాన కురియుచున్నదని, గాలి చాలదని, నిప్పుల కుంపటిని ఇంటిలోనికి తెచ్చి చిన్న గిన్నెలో రంగు ముగించుట కలదు. పొగ లేదు కదా, ఎర్రని నిప్పే కదా అని అనుకొందురు. గాలి చాలక మండు బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి, నిద్రమత్తు దాని గుర్తులు. నిద్రించుచున్నవారికి ఆ గుర్తులు కూడ తెలియవు. బ్లోయరు ఆగిన పొయ్యి మండుచున్న పొయ్యికంటె ఈ విషయములో ఎక్కువ ప్రమాదకరము. ఎవరికైనను పొయ్యివద్ద తలనొప్పి, కళ్ళు తిరుగుట కలిగినచో వెంటనే బయటి గాలిలోనికి తీసికొనిపోయి, ఆసుపత్రికి చేర్చవలెను. చీర ఒకటి చెడినచో మరియొకటి నేయవచ్చును. కుంపటిని పడుకొను ఇంటిలోనికి తేవలదు.

నలుగురు కలిసి చేసికొనదగినది

ఒక్కొక్క ఇంట ఒక మోటారు అదనముగా కొనిపెట్టుకొనుట అందరికిని సాధ్యము కాదు. కాని ఒకే వీధిలో రంగు వేసికొను నాలుగైదు కుటుంబములు ఒకే కొలత బ్లోయరులు వాడుకొనినచో, అందరికిని కలిపి ఒక మోటారు, రెండు కండెన్సరులు, ఒక జత బేరింగులు ఉంచుకొనవచ్చును. ఆసు, పడుగు సామాను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. చెడిన దినమున అది తీసికొనిపోయి బిగించుకొని, తమది బాగుచేయించి దాని స్థానములో పెట్టవలెను. ఇట్లు చేసినచో తొందరలో తప్పు మోటారు కొను అవస్థ తప్పును. కాలిన మోటారుకు మరల తీగ చుట్టించుట లాభమా, క్రొత్తది కొనుట లాభమా అని నెమ్మదిగా విచారించుకొను తీరిక కూడ దొరకును. తీగ చుట్టించినచో పాత తీగ ఎంత లావో, ఎన్ని చుట్లో అంతయే వేయుమని చెప్పవలెను.

మా ఇంట ఇప్పుడు రంగుల డబ్బాలు పెట్టు బీరువా తలుపు లోపల ఒక కాగితము అంటించియున్నాము. దానిమీద మోటారు వోల్టులు, ఆంపియర్లు, చుట్లు, హార్స్‌పవరు, షాఫ్టు లావు, తిరుగు దిక్కు, బేరింగు సంఖ్య, కండెన్సరు మైక్రోఫారడ్లు, బిగించిన తేదీ వ్రాసియున్నవి. అడుగున పెద్ద అక్షరములతో “ముందు చిలపలు తిప్పుము, తరువాత తలుపు మూయుము, ఆ తరువాత మోటారు చూడుము” అని వ్రాసితిమి. ఈ సంచిక చదివిన సోదరులు తమ బ్లోయరు బాగుగా తిరుగుచున్న ఈ దినముననే, పలక చెరగకముందే, అటువంటి కాగితము ఒకటి వ్రాసి పెట్టుకొనవలెనని కోరుచున్నాము.